బోనంలో అన్నం ఉంది

గత ఆషాఢంలో హూడిలోని ఒక అపార్టుమెంటు సముదాయంలో తెలుగు కుటుంబాలు కలిసి బోనాలు చేసుకొన్నాయి. మా విద్యార్థిని ఒకరు ఆ సందర్భంగా చిన్న వివరణపత్రం రాసి గేటు దగ్గర అంటించారు. ఇరుగుపొరుగు కన్నడిగులకూ ఉత్తరాదివారికీ అర్థం కావాలని ముందు ఇంగ్లీషులోనూ, దాని కింద తెలుగులోనూ రాశారు. బోనంకుండ స్త్రీ గర్భానికీ భూమాత సృజనశక్తికీ ప్రతీక అన్నది అందులో ప్రధానవాక్యం. సికింద్రాబాదునుంచి వచ్చిన ఆమె తల్లి అది చదివి, "అంతా బాగనే రాసినవ్ గని బిడ్డా, అన్నం ముచ్చటేది?" అని అడిగారట. విద్యార్థిని ఈ సంగతి మాకు నవ్వుతూ చెప్పారు. మాకు మాత్రం ఆ ప్రశ్న, దేవీపూజల మీద వస్తున్న అనేక వ్యాఖ్యానాలకంటె సూటిగా కనిపించింది.

ఆ తల్లి అడిగినదానికి జవాబు మాటలోనే ఉంది. సంస్కృత 'భోజనము' తెలుగులో 'బోనము' అయింది. ఒత్తు పోయింది, నడిమి జకారం జారిపోయింది. వంటచేసే స్త్రీకి పాత నిఘంటువులలో 'బోనకత్తె' అన్న మాట ఉంది. కనుక బోనం అంటే కుండ కాదు, కుండలోనిది. కొత్తకుండలో బియ్యం, పాలు, బెల్లం వేసి వండి, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన ఎత్తుకొంటారు. పాత్రను చూసి పదార్థాన్ని మరిచే వ్యాఖ్యానం మొదటి అడుగులోనే తప్పటడుగు వేసినట్టు.

కుండను గర్భంగా చూడటం అసలు నిరాధారమని మేము అనటం లేదు. శరన్నవరాత్రులలో కలశం స్థాపించి అందులోకి దేవిని ఆవాహన చేస్తారు. అక్కడ కుంభం దేవీరూపమే. అయితే ఆ సూత్రాన్ని తెచ్చి ప్రతి కుండమీదా పెట్టడమే చిక్కు. జంటనగరాల బోనాల పండుగ ఒక్కదాన్నే తీసుకొన్నా, అందులో కనీసం మూడు పాత్రలు కనిపిస్తాయి. మొదటిది బోనం, అమ్మవారు తినేది. రెండవది ఘటం. అమ్మవారి రూపుగా అలంకరించి వీధుల్లో ఊరేగించి, చివరకు నీటిలో సాగనంపేది ఇదే. మూడవది సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే 'రంగం'లోని పచ్చికుండ. దానిమీద నిలబడిన స్త్రీ నోట అమ్మవారు భవిష్యవాణి పలుకుతుందని భక్తుల విశ్వాసం. ఒకటి తిండి, ఒకటి దేవి, ఒకటి దేవి నిలిచే చోటు. ఈ మూడింటినీ 'గర్భం' అన్న ఒక్క మాటతో కట్టేస్తే పండుగలోని నడక మొత్తం ఆగిపోతుంది.

నడక అని ఎందుకంటున్నామంటే, ఈ పండుగ అర్థం నామవాచకాలలోకంటె క్రియలలో ఎక్కువ ఉంది. బోనం వండుతారు, ఎత్తుకొంటారు, అమ్మకు పెడతారు. బోనమెత్తిన ఆడవాళ్ళ కాళ్ళమీద నీళ్ళు పోస్తారు. ఘటాన్ని ఎదుర్కొంటారు, సాగనంపుతారు. రంగంలో అడుగుతారు, ఆమె చెబుతుంది. పెట్టినదానితో తృప్తిపడ్డదీ లేనిదీ కూడా ఆ పలుకుల్లోనే వస్తుంది. అంటే నిన్న పెట్టిన అన్నానికి ఇవాళ జవాబు వస్తున్నదన్నమాట. ప్రతీకకు ఆకలి ఉండదు, అది జవాబు చెప్పదు. అన్నం పెట్టించుకొన్న దేవత మాత్రం చెబుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళ వెనుక భయం ఉంది. 1813లో జంటనగరాలలో మహమ్మారి ప్రబలిందనీ, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు, తమ ఊరు బతికితే అమ్మవారిని తెచ్చి నిలుపుతామని మొక్కుకొన్నారనీ సికింద్రాబాదు గుడి కథ. చావు తప్పించమని వేడుకొన్నవాళ్ళు పెట్టిన ముద్ద అది. 2014లో తెలంగాణ ఏర్పడి బోనాలు రాష్ట్ర పండుగ అయినప్పటినుంచి పరిచయవ్యాసాలు, కరపత్రాలు చాలా వస్తున్నాయి. వాటిలో ప్రకృతి, శక్తి, సంస్కృతి వంటి పెద్దమాటలు ఉంటున్నాయి. ఆకలి, రోగం, మొక్కు అన్న చిన్నమాటలు పలచబడుతున్నాయి.

బెంగుళూరులో చదివే మన విద్యార్థులకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. పోల్చి చూడటానికి దూరం పోనక్కరలేదు. చైత్రపూర్ణిమ రాత్రి పాతపేటలోని ధర్మరాయస్వామి గుడినుంచి వెలువడే కరగను చూడవచ్చు. హూడికి 2023లో మెట్రో కూడా వచ్చింది. అక్కడ దేవత ద్రౌపది. ఆమెను ఆదిశక్తిగా కొలిచేవారు తిగళులు. మల్లెపూలతో ఎత్తుగా కప్పిన కరగను తలమీద నిలిపేది పురుషుడు. అతడు చీర కట్టి, గాజులు తొడిగి, స్త్రీవేషంలో నడుస్తాడు. కత్తులు దూసిన వీరకుమారులు చుట్టూ కాపలా. ఆ ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గాకు కూడా వెళుతుంది. కుండ అంటే స్త్రీ గర్భమే అని తేల్చిన సూత్రానికి ఈ పురుషుడి తల ఒక ప్రశ్న. అతడు అక్కడ దేనికీ గుర్తు కాదు. ఆ రాత్రి అతడు చేయవలసిన పని ఒకటుంది, దానికోసం అతడు మారాడు.

మాటలు చూడండి. కన్నడ 'కరగ', తమిళ 'కరగం', మన గోదావరి జిల్లాల జాతరల్లో నెత్తిన పెట్టుకొని ఆడే 'గరగ' ఒక్క కుదురువే. నీటిపాత్ర అనే అర్థంగల సంస్కృత 'కరక' శబ్దం వాటికి మూలం. పెద్ద ఉత్సవానికి ముందు పాత సంపంగి చెరువు తావునుంచి తెచ్చేదాన్ని 'హసికరగ' అంటారు. ఆ చెరువు చాలావరకు కంఠీరవ స్టేడియం అయిపోయినా, కరగకోసం కొంత మిగిలింది. కన్నడంలో పాత పకారం హకారమైంది. పాలు హాలు అయినట్టే, పులి హులి అయినట్టే, 'పసి' 'హసి' అయింది. మన 'పచ్చి' దాని తోబుట్టువు. అంటే హసికరగలోనూ రంగం కుండలోనూ ఉన్న విశేషణం ఒక్కటే. కాలనిదాన్ని, ఇంకా గట్టిపడనిదాన్ని రెండు ఊళ్ళూ దేవికోసం ఎంచుకొన్నాయి. బోనాలలో కొరడా ఝళిపించే పోతురాజు ద్రౌపది గుళ్ళలోనూ కావలి ఉన్నాడు. ఆల్ఫ్ హిల్టబైటల్ 1988, 1991లలో రెండు సంపుటాలుగా వెలువరించిన ద్రౌపదీ ఆరాధన గ్రంథం ఈ పోతురాజును చాలా దూరం వెంబడించింది. స్మృతి శ్రీనివాస్ 2001 నాటి పుస్తకం కరగను నగరం జ్ఞాపకంతో, చెరువులతో కలిపి చదివింది. రెండూ చదవదగినవి. అయితే మన పిల్లలు వాటికి చేర్చగలిగింది ఒకటుంది, ఇంటిమాట.

పొరుగునేల మీద పెరిగే విద్యార్థికి పండుగను ఇతరులకు వివరించవలసిన అవసరం రోజూ వస్తుంది. వివరించేటప్పుడు అందరికీ తెలిసిన మాట వెతుక్కోవటం సహజం. అలా వెతికినప్పుడల్లా మన మాట ఒకటి పక్కకు జరుగుతుంది. కొన్నాళ్ళకు వివరణే మిగిలి, వివరించవలసినది జారిపోతుంది. ఆ తల్లి పట్టుకొన్నది ఈ జారుడునే. అందుకని మేము విద్యార్థులకు చెప్పేది ఇంతే. దేనికి ప్రతీక అని అడిగేముందు, దాన్ని ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఆ పనికి ఇంట్లో ఏ మాట వాడతారు అని అడిగి రాసుకోండి.

వచ్చే ఆషాఢానికి ఆ పత్రం తిరగరాస్తానని మా విద్యార్థిని అన్నారు. మొదటివాక్యం ఏమని రాయాలని అడిగారు. "ఇది మేము అమ్మవారికి వండిన అన్నం" అని రాయమన్నాము. కన్నడిగులకూ ఉత్తరాదివారికీ అది వెంటనే అర్థమవుతుంది. ముఖ్యంగా, వాళ్ళ అమ్మ ఒప్పుకొంటారు.