పన్నెండు నుంచి మూడు దాకా

గుడ్ ఫ్రైడే మార్చి నెలాఖరులోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. అప్పటికి మన ఊళ్లలో ఎండలు ముదిరి ఉంటాయి. సరిగ్గా ఎండ నడినెత్తికొచ్చే వేళకు తెల్లచీరలు, తెల్లచొక్కాలు చర్చి బాట పడతాయి. పన్నెండుకు మొదలైన ఆరాధన మూడింటి దాకా సాగుతుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలను వంతులు వేసుకుని ధ్యానిస్తారు. ఒక మాట అయ్యగారికి, ఒకటి సంఘపెద్దకు, ఒకటి స్త్రీల సమాజంలో ఎవరికో, ఒకటి యవ్వనస్థులకు. మాట చదువుతారు, దాని మీద వాక్యం చెబుతారు, ప్రార్థన చేస్తారు, పాట పాడతారు. మళ్లీ ఇంకో మాట.

ఎండాకాలం, ఖాళీ కడుపు, ఏడు ప్రసంగాలు. చెబితే ఎవరికైనా శిక్షలాగే వినిపిస్తుంది. అయినా ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలిసిపోయినవాళ్లు క్రిస్మస్‌కు రాలేకపోయినా దీనికి వస్తారు. పండగరోజు అందరి నవ్వుల మధ్య నిలబడటం వాళ్లకు కష్టం. ఈ మూడు గంటల్లో మొహానికి నవ్వు పులుముకోనక్కర్లేదు. ఇక్కడ దొరికే ఓదార్పు ఎవరో ఒకరు బాగా మాట్లాడటం వల్ల వచ్చేది కాదని నా అభిప్రాయం. అది ఈ ఆరాధన నడిచే పద్ధతిలోనే ఉంది.

మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా దేశమంతా చీకటి కమ్మిందని మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. ఆ వేళనే ఆరాధనగా మలుచుకోవడం మాత్రం అపొస్తలుల నాటి సంగతి కాదు. 1687 అక్టోబరులో పెరూ దేశపు లిమా నగరాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. ఆ తర్వాత అక్కడి జెసూయిట్ గురువు అలోన్సో మెసియా ఈ మూడు గంటల ధ్యానాన్ని ఒక క్రమంలో పెట్టాడు. అంటే దీన్ని మొదట ఆచరించినవాళ్లు కూలిన గోడలను కళ్లారా చూసినవాళ్లే. అక్కడి నుంచి ఇది స్పెయిన్‌కు చేరింది. స్పెయిన్‌లోని కాదిజ్ పట్టణం వాళ్లు ఈ ఆరాధనకు సంగీతం కట్టమని అడిగితే, 1786-87 ప్రాంతంలో సంగీతకర్త హైడన్ ఏడు మాటలకూ వాద్య సంగీతం రాశాడు. అక్కడ చర్చి గోడలు, కిటికీలు, స్తంభాలు నల్లబట్టతో కప్పేసి, మధ్యలో ఒక్క పెద్ద దీపం వేలాడదీసేవారట. మధ్యాహ్నం తలుపులు మూసేవారు. బిషప్ ఒక మాట చెప్పి, వివరించి, దిగివచ్చి మోకరించేవాడు. ఆ మౌనంలో సంగీతం సాగేది. ఒక్కోటి సుమారు పది నిమిషాల నెమ్మది రాగం. వినేవాళ్లకు విసుగు రాకుండా అలాంటివి వరసగా ఏడు కట్టడం తేలిక కాలేదని హైడన్ తరవాత ఒప్పుకున్నాడు. ఏడూ అయ్యాక చివర భూకంపం వస్తుంది, వాద్యాలతోనే. క్రీస్తు ప్రాణం విడిచినప్పుడు భూమి వణికిందని మత్తయి రాశాడు కదా. లిమా సంగతి తెలిసి వింటే ఆ ముక్క ఇంకో రకంగా వినిపిస్తుంది.

మన దగ్గర దీనికి హార్మోనియం, తబలా చాలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) తరం వాళ్లు క్రైస్తవ భక్తిని మన రాగాల్లోకి తెచ్చిపెట్టారు. శ్రమల పాటలను సాగదీసి పాడతారు. హడావిడిగా పాడితే ఎవరికీ నచ్చదు. ముసలమ్మలకు అవన్నీ కంఠతా వచ్చు, పుస్తకం తెరవరు. తనకు మాట పెగలని మనిషి కూడా పక్కవాళ్ల గొంతులో గొంతు కలిపి ఏడ్చేయగలదు. ఏడ్చినందుకు ఎవరూ తిరిగి చూడరు.

దుఃఖాన్ని ఇలా క్రమంలో పెట్టే విద్య బైబిల్లో పాతదే. యెరూషలేము కూలిపోయాక పుట్టిన విలాపవాక్యములు చూడండి. అయిదు అధ్యాయాల్లో మొదటి నాలుగూ హీబ్రూ అక్షరమాల వరసలో నడుస్తాయి. ఇరవై రెండు అక్షరాలకు ఇరవై రెండు వచనాలు. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి, మొత్తం అరవై ఆరు. ఊరు తగలబడిపోయినవాడు అక్షరాలు లెక్కపెట్టుకుంటూ ఏడవడమేమిటని ఆశ్చర్యపోయేవాణ్ణి. తర్వాత అర్థమైంది, కట్టు లేని దుఃఖం మనిషిని ముంచేస్తుంది. చివరి అక్షరం ఒకటుందని తెలిసినవాడు మొదటి అక్షరం దగ్గర గుండె విప్పగలడు. అయిదో అధ్యాయంలోనూ వచనాలు ఇరవై రెండే, కానీ అక్షర వరస ఉండదు. అప్పటికి ఓపిక అయిపోయిందేమో!

కీర్తనల గ్రంథంలోనూ ఇంతే. నూట యాభై కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే. చాలావాటికి ఒక నడక ఉంటుంది. ముందు దేవుణ్ణి పేరుపెట్టి పిలవడం, తర్వాత ఫిర్యాదు, ఆ పైన అడగాల్సింది అడగడం, చివరికి నమ్మకం. ఫిర్యాదును ఎక్కడా మెత్తబరచరు. పదమూడో కీర్తన ఆరే వచనాలు, అందులో ఇంకెంతకాలమని కీర్తనకారుడు నాలుగుసార్లు నిలదీస్తాడు. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే నమ్మకం దాకా రాకుండానే చీకట్లో ఆగిపోతుంది. దాన్ని కూడా ప్రార్థన పుస్తకంలోంచి తీసేయకుండా ఉంచినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మొరపెట్టుకోవడం మానేసిన సంఘం ఎంత పోగొట్టుకుంటుందో పాత నిబంధన పండితుడు వాల్టర్ బ్రూగమన్ 1986లో ఒక వ్యాసంలో వివరించాడు. స్తుతి తప్ప మరేమీ వినిపించని చోట కష్టంలో ఉన్నవాడు అబద్ధమాడటం నేర్చుకుంటాడు.

ఇక నాలుగో మాట దగ్గరికి వద్దాం. ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు. మత్తయి, మార్కులలో ఒకే ఒక్కటి. అది తండ్రి తనను విడిచిపెట్టాడని కుమారుడు వేసిన కేక. ఇరవై రెండో కీర్తన మొదటి మాట అది. క్షమించడం, దొంగకు మాటివ్వడం, తల్లిని శిష్యుడికి అప్పగించడం అయ్యాక, సరిగ్గా నడిమధ్యలో ఈ కేక పడుతుంది. తనకోసం అడుక్కునే దాహం ఆ తర్వాతే. తండ్రి చేతుల్లో ఆత్మను పెట్టడం చిట్టచివర. క్రమం అలా కూర్చడంలోనే చాలా ఉంది. చెయ్యి విడిచేశాడని అరిచినవాడే చివరికి అదే చేతుల్లోకి వెళతాడు. అందుకే కేన్సర్ వార్డు నుంచి వచ్చిన మనిషికి దేవుణ్ణి ఎందుకని అడగడం పాపమేమోనన్న భయం ఇక్కడ వదులుతుంది. క్రీస్తే అడిగాడు మరి.

దురదృష్టం ఏమంటే మన సంఘాల్లో చాలాచోట్ల ఈ మాట పలికి పలకగానే సర్దుబాటు మొదలవుతుంది. నిజంగా విడిచిపెట్టలేదనీ, ఆదివారం ఉంది కదా అనీ. బైబిల్లో కష్టాలపాలైన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ తర్వాత నోరు విప్పారు, కథంతా అక్కడే చెడింది. కష్టంలో ఉన్నవాళ్లింటికి వెళ్లి విశ్వాసం తక్కువై వచ్చిందేమో చూసుకోమ్మా అని చెప్పొచ్చే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నాలుగో మాటను బాగా ఉపన్యసించగలవాళ్లకు కాకుండా, ఆ ఏడాది దెబ్బ తిన్నవాళ్లెవరైనా ఒప్పుకుంటే వాళ్లకివ్వాలని నా సలహా. అయిదు నిమిషాలు మాట్లాడినా చాలు. తర్వాత మరో అయిదు నిమిషాలు మైకు ఆపేసి అందరూ ఊరకే కూర్చోవాలి. టైము చాలదంటారా? ప్రకటనలు, కానుకల జాబితా ఈస్టర్ నాడు చదువుకోవచ్చు.