దీపం ఆర్పి, కిటికీ తెరిచి

ఆస్టిన్ నుంచి మా స్నేహితుడి కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. నల్లటి అట్టముక్క మీద బంగారు రంగు గబ్బిలం. కింద ఇంగ్లీషులో పునర్జన్మ, అంతర్దృష్టి, పాతది వదిలేయడం అని రాసుంది. పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన పేకలాంటి కార్డుల్లోంచి కళ్లు మూసుకుని తీస్తే తనకి ఇదే వచ్చిందట. "బాబాయ్, మనవాళ్లలో గబ్బిలానికి అర్థం ఏంటి?" అని అడిగింది.

ఆ పిల్ల ఉండే ఊళ్లోనే, కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద, వేసవిలో పదిహేను లక్షల దాకా గబ్బిలాలు కాపురం ఉంటాయి. 1980లో వంతెన బాగుచేసినప్పుడు కింద సన్నని సందులు మిగిలాయి. అవి వాటికి అతికినట్టు సరిపోయాయి. మొదట్లో జనం హడలిపోయి తరిమెయ్యమన్నారు. ఇప్పుడు అదే జనం పొద్దుగూకేవేళ వంతెన మీద బారులు తీరి, అవి పొగలా లేచిపోవడం చూస్తున్నారు. "కార్డు పక్కన పెట్టి ఓ సాయంత్రం అక్కడికెళ్లి నిలబడమ్మా" అని జవాబిచ్చాను. జవాబు తెలియనప్పుడు పెద్దవాళ్లు ఇలాంటి పనులే చెబుతారు.

నిజానికి మన వాడుకలో గబ్బిలానికి మంచి అర్థం నాకైతే కనపడదు. మనుషులు వదిలేసిన ఇల్లు గబ్బిలాల కొంప. అది ఇంట్లో దూరితే అరిష్టం. చైనా భాషలో మాత్రం గబ్బిలం, అదృష్టం రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి. అందుకని వాళ్లు పింగాణీ మీద, పట్టు మీద ఐదేసి గబ్బిలాలు గీసుకుని ఆయుష్షు, సంపద, ఆరోగ్యం, సద్గుణం, నిండు వయసులో సుఖమైన చావు అని లెక్కపెట్టుకున్నారు. ఉచ్చారణ కలిసొచ్చిన చోట వరమైంది, కలిసిరాని చోట శాపమైంది. పాపం, ఈ సంగతేదీ దానికి తెలీదు.

నాకు పదేళ్లప్పుడు, పల్నాడులో మా నాయనమ్మ ఇంట్లో, వానాకాలం రాత్రి కరెంటు పోయింది. లాంతరు కోసం పురుగులొచ్చాయి, పురుగుల కోసం గబ్బిలం వచ్చింది. నేను చీపురు తిరగేసి కొట్టాను. తగిలింది. తిరగలి పక్కన పడింది. అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. బొటనవేలంత ఒళ్లు, బూడిదరంగు నూగు, వణికే చెవులు. రెక్కలో ఈకలు లేవు. సాగిన వేళ్ల మధ్య పల్చటి తోలు ఉంది, లాంతరు వెలుగులో ఆ వేళ్లు లెక్కపెట్టొచ్చు. అచ్చం చెయ్యే. నోరు తెరుస్తోంది, మూస్తోంది, చప్పుడు లేదు. అది అరుస్తోందనీ, ఆ అరుపు మన చెవికి అందనంత సన్ననిదనీ చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను.

నాయనమ్మ నన్ను పక్కకి నెట్టి, దాన్ని చేటలోకి ఎక్కించింది. వాకిట్లో వేపచెట్టు మొదలుకి చేట ఆనించి, "నేల మీంచి ఎగరలేదురా ఇది. పైనించి జారితేనే దీనికి రెక్క పడుద్ది" అంది. అది రెక్క మడత దగ్గరి కొక్కెంతో బెరడు పట్టుకుని జానెడు, ఇంకో జానెడు పాకింది. తల కిందికి తిప్పుకుని కాసేపు వేలాడింది. తర్వాత జారింది. పడిపోతోందనుకున్నాను, చీకట్లో కలిసిపోయింది. నాయనమ్మ లోపలికొచ్చి గడపకి పసుపునీళ్లు చల్లింది.

"అరిష్టం అన్నావుగా, మరి బతికించావేం?"

"వస్తే అరిష్టం. చంపితే పాపం. ఒకదానికి రెండోది ఎందుకు తోడు?"

తర్వాత ఎనిమిదేళ్లకు మా పక్క ఊరు వినుకొండ కవి పుస్తకం నా చేతికొచ్చింది. జాషువా 'గబ్బిలం' 1941లో రాశాడు. కబురు పంపడానికి కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా కావ్యంలో ఊరవతల గుడిసెలో గంజి తాగి పడుకున్న మనిషికి గబ్బిలం దొరికింది. అతన్ని గుడిలోకి రానివ్వరు. గబ్బిలం మాత్రం గుడి లోపలే వేలాడుతుంది, దాన్ని ఎవరూ కులం అడగరు. అక్కడ వేలాడేటప్పుడు శివుడి చెవికి దగ్గరగా ఉంటావు కదా, పూజారి పక్కన లేని సమయం చూసి నా గోడు చెప్పమంటాడు. పద్యం పైకి చదవందే నాకు ఎక్కదు. అప్పటినుంచీ సంధ్యవేళ డాబా మీద, లైటు వెయ్యకుండా, నోటికొచ్చిన నాలుగు పద్యాలు చదువుకోవడం అలవాటైంది. సాధన అనేంత పెద్ద మాట దీనికి వద్దు, దోమలు కుట్టేదాకా సాగే వ్యవహారం.

ఇన్నేళ్లు చదివాక నాకు తోచింది ఒకటుంది. నా లోపలి మనిషి ఎవరో చెప్పమని జాషువా గబ్బిలాన్ని అడగలేదు. దాన్ని కూర్చోబెట్టి తన ఆకలి చెప్పాడు, దానికో పని అప్పగించాడు. కార్డులోని గబ్బిలం మన గురించే మాట్లాడుతుంది. మన పునర్జన్మ, మన ఎదుగుదల అంటుంది. పద్యంలో గబ్బిలం తనకంటూ దారి, రెక్క, అలసట ఉన్న జీవి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలకి మరీ ఇష్టమైన మాట ఈ తలకిందుల వేలాట. లొంగిపోవడం, వదిలేయడం అంటారు. గబ్బిలం కాలి సంగతి అందుకు సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఒంటి బరువుకే దాని వేళ్ల నరాలు బిగుసుకుని కొక్కెంలా పడిపోతాయి. పట్టుకుని ఉండటానికి కండరం కదలక్కర్లేదు. నిద్రలోనూ పట్టు జారదు, చచ్చిపోయినా కొన్ని అలాగే వేలాడుతుంటాయి. వదలాలంటేనే అది కండరం బిగించాలి. నాయనమ్మ వేపచెట్టు దగ్గర నేను చూసింది ఆ బిగింపేనేమో.

దాన్ని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. 2018లో కేరళలో నిపా జ్వరం వచ్చినప్పుడు అందరి వేళ్లూ పండ్లు తినే గబ్బిలాల వైపే చూపించాయి. వట్టి చేత్తో ఏ గబ్బిలాన్నీ ముట్టుకోకూడదు, కరిస్తే రేబిస్ సూది కోసం పరుగెత్తాల్సిందే. భయానికి కారణం ఉంది. అసహ్యానికే లేదు. మన వన్యప్రాణి చట్టం కూడా, 2022లో సవరించేదాకా, పండ్లు తినే గబ్బిలాలని కాకులు, ఎలుకలతో కలిపి చీడజంతువుల పట్టీలో ఉంచింది. జాషువా ఎవరి తరఫున ఎవరితో మాట్లాడాడో ఆ పట్టీ చూస్తే ఇంకాస్త బాగా తెలుస్తుంది.

మొన్న గురువారం రాత్రి బాల్కనీ తలుపులోంచి మా హాల్లోకి ఒకటి వచ్చింది. మా ఆవిడ అరుపుతో పాటు చీపురు కూడా తెచ్చింది. ముందు ఫ్యాను కట్టేశాను. కిటికీలన్నీ బార్లా తెరిచాను. లైట్లు ఆర్పి, ఇద్దరం సోఫాలో ఒదిగి కూర్చున్నాం. జాషువా గుడిసెలో దాని రెక్కల గాలికే ఆముదపు దీపం ఆరిపోతుంది, మాటలు ఆ తర్వాతే మొదలవుతాయి. మా ఇంట్లో స్విచ్చి నొక్కాల్సొచ్చింది, అంతే తేడా. మొహం మీదుగా రెండుసార్లు గాలి తాకింది. మూడోసారి కోసం చూశాం. వీధిలో ఎవరిదో స్కూటరు ఆగింది, మళ్లీ కదిలింది.

"ఏమండీ, పోయిందంటారా?"

"ఏమో. ఇంకాసేపు లైటు వెయ్యకు."