ఆమె ఉద్యోగం ఏమైంది?

నాకు సినిమా పిచ్చి ఎక్కువ. పాతవి, కొత్తవి అన్న తేడా లేకుండా చూస్తాను. స్త్రీవాదివి అయ్యుండి అవన్నీ ఎలా భరిస్తావని స్నేహితులు వేళాకోళం చేస్తుంటారు. సినిమాల్లో స్త్రీల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం మామూలుగా కథానాయిక బట్టల గురించీ, పాటల్లో కెమెరా ఆమెను చూసే చూపు గురించీ, చెంపదెబ్బల గురించీ మాట్లాడతాం. అవన్నీ మాట్లాడాల్సినవే. అయితే కొన్నేళ్లుగా నేను ఏ సినిమా చూసినా మరో చిన్న ప్రశ్న వేసుకుంటున్నాను. కథ మొదట్లో ఆమెకొక ఉద్యోగమో, చదువో ఉంటుంది కదా, 'శుభం' పడేసరికి అది ఏమైంది?

'మిస్సమ్మ' (1955)నే తీసుకుందాం. ఎల్.వి. ప్రసాద్ తీసిన ఈ సినిమా ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. మేరీ (సావిత్రి) బి.ఏ. చదివింది. ఇంట్లో అప్పుంది. అప్పిచ్చినవాడు ఆమెను పెళ్లి చేసుకోవాలని వెంటపడుతుంటాడు. భార్యాభర్తలకే ఇస్తామన్న పంతుళ్ల ఉద్యోగాల కోసం, పరిచయం లేని మరో బి.ఏ. నిరుద్యోగికి భార్యగా నటించడానికి ఆమె ఒప్పుకుంటుంది. ఉద్యోగానికి పెళ్లి అర్హత కావడమన్న హాస్యం ఇవాళ్టికీ పదునుగానే ఉంది. సినిమా పొడుగునా మేరీ చూపించే చిరాకంతా నాలుగు రూపాయల కోసం ఇష్టంలేని వేషం కట్టిన మనిషి చిరాకు. సావిత్రి దాన్ని ఎంత బాగా పట్టుకుందో! తీరా చివరికి మేరీయే జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఆమె పాఠాలు చెబుతున్న బడి కూడా ఆ కూతురి పేరు మీద కట్టిందే! దాంతో అప్పు బాధా లేదు, మతాల పేచీ లేదు, జీతం అవసరమూ లేదు. మహాలక్ష్మి అయ్యాక ఆమె ఆ బడిలో పాఠాలు చెప్పిందో లేదో ఎవరూ అడగరు.

సరిగ్గా 21 ఏళ్ల తర్వాత బాలచందర్ 'అంతులేని కథ' (1976) వచ్చింది. సరిత (జయప్రద) జీతం మీద ఇంటిల్లిపాదీ బతుకుతారు. తాగుబోతు అన్న, వదిన, వాళ్ల పిల్లలు, భర్త పోయిన చెల్లెలు, చూపులేని తమ్ముడు. సంపాదించే ఆడపిల్లకు కోపముంటుందనీ, మాట కరుగ్గా ఉంటుందనీ ఒప్పుకున్న సినిమా ఇది. అందుకే నాకిష్టం. కాని ఆ జీతంలో ఆమెకంటూ ఏమీ మిగలదు. పెళ్లి దాకా వచ్చి, అన్న చావుతో ఆ పెళ్లినీ వదులుకుని మళ్లీ ఉద్యోగానికే బయల్దేరుతుంది. మేరీకి పెళ్లి మిగిలింది, ఉద్యోగం అక్కర్లేకపోయింది. సరితకు ఉద్యోగం మిగిలింది, పెళ్లి లేకపోయింది. రెండూ ఒక్క మనిషికి ఉండొచ్చన్న ఊహ రావడానికి ఇంత కష్టమెందుకు?

శేఖర్ కమ్ముల 'ఆనంద్' (2004) వచ్చినప్పుడు మనలో చాలామంది సంతోషపడ్డాం. అమ్మ చీర దగ్గర కాబోయే అత్తగారితో వచ్చిన పేచీలో రూప పెళ్లి వద్దనుకుంటుంది. ఆ 'వద్దు' అంత తేలిగ్గా ఎలా అనగలిగింది? సొంత సంపాదన, తనకంటూ ఒక ఇల్లు ఉన్నాయి కాబట్టి. వెనక్కి వెళ్లడానికి చోటు లేని ఆడపిల్ల ఆ మాట అనగలదా? ఇంత కీలకమైన సంగతిని సినిమా ఆ తర్వాత పట్టించుకోదు. రూప మనసు ఎప్పుడు కరుగుతుందన్నదే మిగతా కథ.

'అర్జున్ రెడ్డి' (2017) గురించి ముద్దుల మీదా, చెంపదెబ్బ మీదా బోలెడు చర్చ జరిగింది. నన్ను వేధించింది వేరే సంగతి. ప్రీతి వైద్య విద్యార్థిని. బలవంతపు పెళ్లిలోంచి బయటికొచ్చి, నిండు గర్భంతో ఒక క్లినిక్‌లో పనిచేసుకుంటూ బతికిందని చివర్లో ఆమె మాటల్లోనే మనకు తెలుస్తుంది. అసలు కథ అదే కదా! అదే సమయంలో అతను తాగిన ప్రతి గ్లాసునూ, చేసిన ఆపరేషన్లనూ చూపించిన కెమెరా ఆమె పనిచేసిన ఆ గదికి ఒక్కసారైనా వెళ్లదు.

నిజజీవితంలోని కథానాయికకైనా న్యాయం జరిగిందా? 'మహానటి' (2018)లో దర్శకుడు అడిగినట్టు సావిత్రి ఒకే కంట కన్నీరు రాల్చే సన్నివేశం నాకు చాలా ఇష్టం. నటన అంటే పని అనీ, అందులో ఆమె ఎంత నేర్పరో అక్కడ తెలుస్తుంది. అయితే ఆ సావిత్రే 1968లో ముఖ్యమైన శాఖల్లో స్త్రీలను పెట్టుకుని 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించింది. సంగీతం పి. లీల. అంతకు 15 ఏళ్ల ముందే భానుమతి 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసింది. ఇంత చరిత్ర ఉన్నా, 'మహానటి'లో ప్రేమ, ద్వేషం, తాగుడు పెద్దవైపోయి, దర్శకురాలైన సావిత్రి చిన్నదైపోయింది.

ఈమధ్య చూసినవాటిలో రాహుల్ రవీంద్రన్ తీసిన 'ది గర్ల్‌ఫ్రెండ్' (2025) నాకు కొంత ఊరటనిచ్చింది. భూమ (రష్మిక) సాహిత్యంలో ఎం.ఏ. చదువుతుంటుంది. ప్రేమ పేరుతో ఆమె రోజు మొత్తం ఇంకొకరి చేతుల్లోకి ఎలా జారిపోతుందో ఈ సినిమా ఓపిగ్గా చూపించింది. నోరు మెదపని అతని తల్లి (రోహిణి)లో భూమ తన రేపటిని చూసుకుని భయపడుతుంది. ఆ భయానికి కథలో చోటివ్వడం పెద్ద విషయం.

ఇదంతా ఎందుకు ముఖ్యమంటే, నా దగ్గర చదువుకున్న అమ్మాయిల్లో చాలామందిని ఉద్యోగం మానెయ్యమని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పాప కాస్త పెద్దయ్యేదాకా ఆగమన్నారు. ఆయనకు బదిలీ అయింది, కొన్నాళ్లు చూద్దామన్నారు. అత్తగారికి బాగాలేదన్నారు. గొడవే జరగలేదు కాబట్టి ఎదిరించడానికీ ఏమీ దొరకలేదు. మన సినిమాల్లోనూ ఆమె ఉద్యోగం రెండు సన్నివేశాల మధ్య ఎక్కడో పోతుంది. విలన్ చేసే అన్యాయం కనబడుతుంది, దానికి ఈలలు పడే డైలాగూ ఉంటుంది. ఇది మాత్రం ఎవరూ చెయ్యకుండానే జరిగిపోతుంది.

రాజీనామా ఉత్తరం రాసిన ఆ మధ్యాహ్నం, మొదటి నెల జీతం రాని ఆ ఒకటో తారీకు, పర్సులోకి డబ్బు అడిగి తీసుకున్న ఆ మొదటిసారి ఎలా ఉంటాయో మనలో చాలామందికి తెలుసు. కథలు రాసేవాళ్లం ఇంతమందిమి ఉన్నాం. సినిమావాళ్లు వదిలేసిన ఆ సన్నివేశాలను ముందు మనమైనా రాయాలి.