ఏజెన్సీలో ఆర్థిక నేరాలు – పోలీసు పనితీరు: కొలమానంపై విమర్శనాత్మక పరిశీలన

ఆర్థిక నేరాల విషయంలో పోలీసుల పనితీరును సమీక్షించేటప్పుడు సాధారణంగా నమోదైన కేసులు, అరెస్టులు, అభియోగపత్రాలు లెక్కకు వస్తాయి. అరకు లోయ నుండి పాడేరు, చింతపల్లి వరకు విస్తరించిన తూర్పు కనుమల గిరిజన ప్రాంతానికి ఈ కొలమానం చాలదు. ఇక్కడ మోసం తరచుగా ఫిర్యాదు రూపం దాల్చదు. అప్పుపత్రంగానో, కౌలు ఒప్పందంగానో, గిరిజనుని పేరు మీద మరొకరు అనుభవించే బినామీ హక్కుగానో నిలిచి ఉంటుంది. కాబట్టి కేసుల సంఖ్య తక్కువగా ఉండటాన్ని నేరం తక్కువగా ఉన్నదనడానికి నిదర్శనంగా స్వీకరించలేము.

చట్టం అప్పగించిన బాధ్యత

మన్యంలో అప్పుకూ మోసానికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. 1879 నాటి రంప పితూరీకి దారితీసిన కారణాలలో చిగురుపన్ను, పోలీసుల దౌర్జన్యాలతో పాటు వర్తకులు రాయించుకున్న ఒప్పంద పత్రాలు, వాటి ఆధారంగా పొందిన కోర్టు డిక్రీలు కూడా ఉన్నాయి. 1917 నాటి ఏజెన్సీ చట్టం గిరిజనుల రుణాలపై వడ్డీని సాలుకు 24 శాతానికి పరిమితం చేసి, చక్రవడ్డీని నిషేధించింది. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను సవరించిన 1/70, గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుని నుండి సంక్రమించినదేనని, అందుకు విరుద్ధంగా రుజువయ్యే వరకు భావించాలని నిర్దేశించింది. అంటే రుజువు భారం అనుభవదారునిదే.

1978 సవరణ మరింత ముందుకు వెళ్లింది. రెగ్యులేషన్‌ను ఉల్లంఘించి భూమిని పొందడాన్ని ఏడాది వరకు కఠిన కారాగార శిక్షకు అర్హమైన నేరంగా, పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరంగా ప్రకటించింది. అయినా ఆచరణలో ఈ వివాదాలను స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ఎదుట నడిచే రెవెన్యూ వ్యవహారాలుగానే చూస్తారు. జాతీయ నేర గణాంకాలలో ‘ఆర్థిక నేరాలు’ అనే శీర్షిక నమ్మకద్రోహం, మోసం, ఫోర్జరీ, నకిలీ కరెన్సీ వంటి వాటికే పరిమితం. చట్టం నేరమన్నది సమీక్షకు అందకుండా పోతున్నది ఇక్కడే.

బొర్రా నుండి నేర్వవలసినది

అరకుకు చేరువలోని అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులు ఈ రెగ్యులేషన్‌కు విరుద్ధమని 1997 జులై 11న సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రశ్నను న్యాయస్థానానికి చేర్చినది పోలీసు దర్యాప్తు కాదు, ఒక స్వచ్ఛంద సంస్థ. లీజులు ఇచ్చినది ప్రభుత్వమే అయినప్పుడు కింది స్థాయి పోలీసు అధికారి నుండి చొరవను ఆశించడం కష్టమనే వాదనలో బలం ఉంది. మావోయిస్టు వ్యతిరేక చర్యలు, గంజాయి నిర్మూలన దశాబ్దాలుగా ఇక్కడి బలగాల సమయాన్ని హరించిన మాటా నిజమే. బినామీగా పేరు ఇచ్చిన గిరిజనుడు రుణబద్ధుడై సాక్ష్యానికి వెనుకాడటం మరొక అడ్డంకి. అయితే ఇవి దర్యాప్తులోని కష్టాన్ని వివరిస్తాయే గాని, సమీక్షలో ఆ నేరానికి చోటు లేకపోవడాన్ని సమర్థించవు.

శిక్ష, పునఃప్రాప్తి

రాష్ట్రమంతటినీ కుదిపిన అగ్రిగోల్డ్ కేసు ఇక్కడ తులనకు ఉపకరిస్తుంది. సీఐడీ కేసులు నమోదు చేసి, నిందితులను అరెస్టు చేసి, ఆస్తులను జప్తు చేయించింది. సంఖ్యల దృష్టితో ఇది చురుకైన పనితీరే. కాని 2019లో 10,000 రూపాయల లోపు, 2021లో 20,000 రూపాయల లోపు డిపాజిటుదారులకు సొమ్ము అందినది ప్రభుత్వ ఖజానా నుండి. 1999 నాటి డిపాజిటుదారుల రక్షణ చట్టం ఉద్దేశించినట్లు నేరస్థుల ఆస్తి సకాలంలో బాధితునికి చేరలేదు.

1999 చట్టానికీ ఏజెన్సీ రెగ్యులేషన్‌కూ ఒక పోలిక ఉంది: రెండూ నేరస్థుని శిక్షతో ఆగక, పోయినదాన్ని తిరిగి ఇప్పించడాన్ని లక్ష్యంగా పెట్టుకున్నాయి. కనుక పోలీసు పనితీరుకు కూడా ఆ లక్ష్యమే గీటురాయి కావాలి. ఏజెన్సీలోని ప్రతి పోలీసు స్టేషను వార్షిక సమీక్షలో 1978 సవరణ కింద నమోదైన కేసులతో పాటు, తిరిగి గిరిజనుని స్వాధీనమైన భూమి విస్తీర్ణం కూడా చేరాలి. ఆ గడిలో సున్నా కనిపించిననాడు, నేరం లేదా, దర్యాప్తు లేదా అనే ప్రశ్నకు సంబంధిత అధికారి సమాధానం చెప్పవలసి వస్తుంది. ప్రస్తుత సమీక్షా విధానంలో ఆ గడే లేదు.