రెండుసార్లు పొట్టిదైన చెట్టు

అరకు వెళ్ళివచ్చిన మనవాళ్ళకు కాఫీ చెట్టు అంటే సిల్వర్ ఓక్‌ల నీడలో నిలబడ్డ ఐదడుగుల పొద. చెయ్యి చాపితే చిటారు కొమ్మ అందుతుంది. అదే దాని సహజమైన ఎత్తు అనుకుంటాం. నిజానికి అరబికా పుట్టిల్లు నైరుతి ఇథియోపియా అడవి. అక్కడ పెద్ద చెట్ల నీడన, కత్తి తగలకుండా పెరిగితే ముప్ఫై అడుగుల దాకా పోగలదు. అంటే తోటలో మనం చూసేది అప్పటికే ఒకసారి పొట్టిచేసిన చెట్టు. దాన్నే బెత్తెడు లోతు కుండీలోకి దించి బోన్సాయ్ చేస్తే రెండోసారి పొట్టిచేసినట్టు. కాఫీ బోన్సాయ్‌ని విలువకట్టాలంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే: ఆ కుండీలో ఉన్నది దేనికి చిన్న రూపం? అడవిలోని చెట్టుకా, తోటలోని పొదకా?

తోట పద్ధతి మనకు తెలిసిందే కాబట్టి అక్కడ మొదలుపెడదాం. మొక్క రెండున్నర అడుగులకు రాగానే తల తుంచుతారు. పైకి పోవాల్సిన బలం పక్క కొమ్మల్లోకి మళ్ళుతుంది. తర్వాత ఒక్క పిలకను మాత్రం పైకి పోనిచ్చి, ఐదడుగుల దగ్గర మళ్ళీ తుంచుతారు. పళ్ళ కోత అయ్యాక కాండం చుట్టూ అర అడుగు మేర ఉన్న చిన్నా చితకా రెమ్మలన్నీ తీసేసి, పొద నడుమ గాలీ వెలుతురూ ఆడేట్టు చేస్తారు. మొదలు దగ్గర లేచే పిలకలను లేతగా ఉండగానే గిల్లేస్తారు. ప్రతి కోతకూ ఒక లెక్క ఉంది. పళ్ళు చేతికందాలి, వచ్చే ఏడు కాసే రెమ్మ ఈ ఏడే తయారవ్వాలి, తేమ నిలిచి తెగులు పట్టకూడదు.

బోన్సాయ్‌లోనూ అంతే, తల తుంచడమే తొలి పాఠం. అక్కడా లోపలి రెమ్మకు వెలుతురు అందాలి, అక్కడా అక్కర్లేని పిలక లేవగానే పోవాలి. అయితే లెక్క మాత్రం వేరు. కాండం మొదట్లో లావుగా ఉండి పైకి పోనుపోను సన్నబడాలి. మట్టి మీద వేళ్ళు నాలుగు దిక్కులకూ పరుచుకుని కనబడాలి. దీన్ని జపాన్‌వాళ్ళు నెబారి అంటారు. చెట్టుకు ముందు వైపు, వెనక వైపు ఉండాలి. కొమ్మకు తీగ చుట్టి వంపు తేవాలి. రెండు మూడేళ్ళకోసారి కుండీలోంచి తీసి వేళ్ళు కత్తిరించి మళ్ళీ నాటాలి. తోట రైతు వేరు జోలికి పోడు, బోన్సాయ్ పెంచేవాడి పనిలో సగం వేరు దగ్గరే. రైతు చెట్టును చూసి ఎంత కాసిందని అడుగుతాడు. ఇతను దానికి ఎన్నేళ్ళున్నట్టు కనిపిస్తోందని అడుగుతాడు.

వయసు దగ్గర ఈ రెండు విద్యలూ ఎదురెదురుగా నిలబడతాయి. హిరోషిమాలో యమాకి కుటుంబం పెంచిన తెల్ల పైన్ చెట్టు 1625 నుంచి కుండీలో తీర్చిదిద్దుతున్నదని లెక్క. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు అది సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది, అయినా బతికింది. 1976లో కానుకగా అమెరికా వెళ్ళి ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఉంది. తరం నుంచి తరానికి చేతులు మారుతూ, రోజూ ఎవరో ఒకరు నీళ్ళు పోస్తూ రావడమే ఆ చెట్టు ఘనత. కాఫీ తోటలో అయితే వయసు ఒక నష్టం పద్దు. కాపు తగ్గిన చెట్టుకు అక్కడ మర్యాద లేదు. కోసి మళ్ళీ చిగురింపజేస్తారు, కాదంటే పీకేసి కొత్త మొక్క పెడతారు.

అలాగని కాఫీకి కుండీ కొత్తదేమీ కాదు. 1714లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి ఒక కాఫీ మొక్కను కానుకగా ఇచ్చింది. పారిస్ రాజోద్యానంలో అద్దాల గదిలో దాన్ని పెంచారు. ఆ తర్వాత 1720ల్లో గాబ్రియేల్ ద క్లియూ అనే నౌకాదళ అధికారి ఫ్రాన్స్ నుంచి కాఫీ మొక్కను ఓడలో కరీబియన్ ద్వీపమైన మార్టినీక్‌కు చేర్చాడు. దారిలో మంచినీళ్ళకు కటకట వస్తే తన వంతు నీళ్ళనే దానికి పోశానని ఆయనే రాసుకున్నాడు. అమెరికా ఖండాల కాఫీ తోటల్లో చాలా భాగానికి అలాంటి కుండీ మొక్కలే మూలం. జపాన్‌లో చెట్టుకు కుండీయే గమ్యం కాగా, కాఫీకి కుండీ ఒక మజిలీ. అయినా ఓడలో తన నీళ్ళు పోసిన క్లియూనూ, హిరోషిమాలో ఆ పైన్‌కు నీళ్ళు పోసినవాళ్ళనూ వేరుచేసి చూడటం కష్టం. కుండీలోని చెట్టు తన నీళ్ళు తాను వెతుక్కోలేదు, పోసే చెయ్యి మీదే దాని ప్రాణం.

బోన్సాయ్‌కీ కాఫీకీ 1925 ముఖ్యమైన ఏడాది కావడం కాకతాళీయమే గానీ చెప్పుకోదగ్గది. 1923 భూకంపంలో టోక్యో దెబ్బతిన్నాక అక్కడి బోన్సాయ్ పెంపకందారులు మంచి మట్టీ నీళ్ళూ వెతుక్కుంటూ ఒమియాకు తరలి, 1925లో బోన్సాయ్ గ్రామాన్ని ఏర్పరచుకున్నారు. అదే ఏడు చిక్కమగళూరు ప్రాంతంలోని బాలెహొన్నూరులో కాఫీ ప్రయోగ కేంద్రం వెలిసింది. దాని వెనకా ఒక ఉపద్రవముంది, ఆకు తుప్పు తెగులు. అటు అందాన్ని కాపాడుకోవడానికి, ఇటు పంటను కాపాడుకోవడానికి. అవసరాలు వేరైనా, తాతలనాటి చేతివిద్యను ఒకచోట కూర్చుని శ్రద్ధగా పట్టించుకోవడం రెండు చోట్లా జరిగింది.

ఇంతవరకూ మనుషుల సంగతి. అసలు చిక్కు కాఫీ మొక్క స్వభావంలో ఉంది. కాండం నిటారుగా లేస్తుంది. ప్రతి కణుపు దగ్గరా ఎదురెదురుగా రెండు ఆకులు, ఆ ఆకుల పంగల్లోంచి దాదాపు నేలకు సమాంతరంగా రెండు పక్క కొమ్మలు. ఒక్కో పంగలో పక్క కొమ్మనిచ్చే మొగ్గ ఒక్కటే. ఆ కొమ్మను మొదలంటా కోసేస్తే అక్కడ మళ్ళీ పక్క కొమ్మ రాదు. దాని కిందున్న మొగ్గలు నిటారు పిలకలనే లేపుతాయి. పక్క కొమ్మను కోసి నాటినా వేళ్ళు పోసుకుంటుందేగానీ పైకి లేవదు, అడ్డంగానే పెరుగుతుంది. మర్రి, జువ్వి, రావి మీద చెయ్యి తిరిగిన మన బోన్సాయ్ ప్రియులకు ఇది మింగుడుపడదు. వాటిని ఎక్కడ కోసినా ఎక్కడో ఒకచోట చిగురేసి తప్పును కప్పేస్తాయి. కాఫీ కప్పదు.

ఇక్కడ రెండు అభిరుచులు నేరుగా ఢీకొంటాయి. ఒకే ఎత్తులో ఎదురెదురుగా చేతులు చాచిన కొమ్మలు బోన్సాయ్‌లో దోషం. ఒకటి ఉంచి ఒకటి తియ్యాలి. కాఫీకి అదే సొంత నడక, ప్రతి కణుపూ అలాంటిదే. రైతు ఆ జంటను ప్రాణంలా కాపాడతాడు, ఎందుకంటే కాపంతా వాటిమీదే. బోన్సాయ్ పెంచేవాడు ఒక కణుపున కుడిది, పై కణుపున ఎడమది తీస్తూ పోతే చెట్టుకు అందం వస్తుంది. అయితే తీసింది తీసినట్టే. కాఫీ మీద కత్తెర వేసేటప్పుడు అతను బోన్సాయ్ గురువు మాట ఎంత వినాలో తోట మేస్త్రీ మాటా అంత వినాలి.

ఆకు మరో పేచీ. అరబికా ఆకు నాలుగు నుంచి ఆరంగుళాలుంటుంది. అడుగున్నర చెట్టు మీద అంత ఆకు వేలాడుతుంటే పెద్ద చెట్టన్న భ్రమ నిలవదు. పైన్ సూదుల్ని పొట్టిచేసినంత సులువుగా ఈ ఆకు పొట్టిబడదు. చిత్రమేమిటంటే కాఫీ కుటుంబంలోనే బోన్సాయ్‌కి పుట్టినట్టుండే చుట్టాలున్నాయి. చిట్టి ఆకులు, తెల్లని చుక్కల్లాంటి పూల సెరిస్సా ఆ కళలో పాతకాపు. గార్డీనియా కూడా అంతే. మన ఇళ్ళ ముందు కంచెగా కత్తిరించే నూరువరహాలు కూడా ఆ కుటుంబానిదే. వాటి పక్కన కాఫీ కాస్త మొద్దుగా కనిపిస్తుందన్నది నిజం. కాగా తోట పరిశోధన ఇక్కడ తెలియకుండానే బోన్సాయ్‌కి సాయపడింది. బ్రెజిల్‌లో దొరికిన కతుర్రా అనే పొట్టి రకం వారసత్వంతో వచ్చిన మన కావేరి రకానికి కణుపుల మధ్య ఎడం తక్కువ. ఎకరాకు ఎక్కువ మొక్కలు పట్టాలని, పళ్ళు సులువుగా అందాలని రైతు ఆ గుణం కోరుకున్నాడు. కణుపులు దగ్గరగా ఉంటే చెట్టు ముదురుగా కనిపిస్తుందని బోన్సాయ్ పెంచేవాడూ అదే కోరుకుంటాడు.

పూత దగ్గర మాత్రం కాఫీ చుట్టాలకేమీ తీసిపోదు. ఎండాకాలం మొదట్లో మొగ్గలు నిద్రలో ఉంటాయి. పూత వాన పడ్డ వారం పది రోజులకు కొమ్మ పొడవునా తెల్లగా విచ్చుకుని, మల్లెల్ని తలపించే వాసనతో రెండు మూడు రోజులుండి రాలిపోతాయి. కుండీలోనూ ఆ వానను మనమే కురిపించవచ్చు. కొన్ని వారాలు నీళ్ళు బిగబట్టి, ఆకు కాస్త వాడుముఖం పట్టగానే నిండా తడపాలి. అరబికా తన పుప్పొడితోనే కాయకట్టుతుంది కాబట్టి కుండీలోని ఒంటరి మొక్కైనా కాస్తుంది. కాయ పండటానికి ఎనిమిది తొమ్మిది నెలలు. కానీ పూత వచ్చేది కిందటేడు పెరిగిన రెమ్మ మీదే, ఒకసారి కాసిన కణుపు సాధారణంగా మళ్ళీ కాయదు. అందువల్ల కాపు ఏటా కొసలవైపు జరుగుతూ పోతుంది. బోన్సాయ్‌కేమో కొసలు దగ్గరకు రావాలి. ఏటా పొందికగా కత్తిరిస్తే పూత పోతుంది, పూతకోసం వదిలేస్తే పొందిక పోతుంది. రైతు దీనికి ఎప్పుడో మార్గం కనిపెట్టాడు. కొన్ని రెమ్మల్ని కాపుకు, కొన్నింటిని వచ్చే ఏటికి అని పంచుకుంటాడు. కుండీలోనూ అదే మేలు. విరగకాస్తే ఆకు రాలి రెమ్మలు ఎండటం తోటలో రైతుకు బాగా తెలిసిన జబ్బు. కుండీలో అది ఇంకా తొందరగా వస్తుంది, కాబట్టి బలహీనమైన చెట్టు మీద కాయల్ని గిల్లేయడమే దయ.

మన మైదానాల్లో పెంచేవాళ్ళకు ఇంకో రెండు మాటలు. కాఫీకి కొంచెం పులుపున్న మట్టి కావాలి. బోరు నీళ్ళ సున్నం చేరేకొద్దీ ఈనెలు పచ్చగా ఉండి ఆకు మాత్రం పాలిపోతుంది, అది ఇనుము అందని గుర్తు. వాననీళ్ళు పట్టి పోస్తే తేరుకుంటుంది. ఏప్రిల్ ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది. పొద్దుటి ఎండ, తర్వాత నీడ దానికి నప్పుతుంది. వేయించిన గింజ మొలవదు. పొట్టుతో ఉన్న తాజా విత్తనం నాటితే నెలన్నరకు, కాస్త అటూ ఇటూగా, ఆ పొట్టునే నెత్తిన పెట్టుకుని మొలక లేస్తుంది. నర్సరీల్లో దాన్ని టోపీ దశ అంటారు.

చివరికి ఈ రెండు విద్యలూ కలిసేది మోడు దగ్గర. తోటలో ముసలిదైన చెట్టును నేలకు అడుగు ఎత్తున ఏటవాలుగా కోసేస్తారు. కొన్నాళ్ళకు మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తారు. కింద ముదురు వేరు, గాయం మానిన లావు మొదలు, పైన లేత కాండం. బోన్సాయ్‌లోనూ కాండానికి లావూ సన్నదనమూ తేవడానికి సరిగ్గా ఇదే కోత కోస్తారు, ఇలాగే ఒక పిలకను కొత్త తలగా ఎంచుకుంటారు. కోత ఒకటే, ఏటవాలూ ఒకటే. రైతు పిలకవైపు చూస్తాడు, బోన్సాయ్ పెంచేవాడు మచ్చవైపు చూస్తాడు, అంతే తేడా.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. కొండ అంచున గాలికి వంగిన పైన్‌లా కాఫీని వంచాలని చూసిన ప్రయత్నాలు నాకు అరువు రూపాల్లా కనిపిస్తాయి. అటు, కుండీలో నిలువునా పెంచి నాలుగు పళ్ళు కాయించి బోన్సాయ్ అనడమూ చెల్లదు, అది వట్టి కుండీ మొక్క. ఒకే మొదలు నుంచి రెండు మూడు కాండాలు లేచే పద్ధతి బోన్సాయ్‌లో ఎప్పటినుంచో ఉంది. తోటలో మోడు తిరిగి చిగురించినప్పుడు వచ్చే రూపమూ అదే. కాఫీ బోన్సాయ్‌కి ఆ మోడే సరైన నమూనా. అందులో ఆకు పెద్దదన్న లోటు అంతగా బాధించదు, ఎందుకంటే అది అడవి చెట్టునని చెప్పుకోదు, కోతకు తట్టుకుని లేచిన పొదనని చెప్పుకుంటుంది. వంద పళ్ళు కాసినా ఒకటి రెండు గ్లాసుల కాఫీకి మించి పొడి రాదు గనక రైతు నవ్వవచ్చు. ఒమియా గురువు ఆకు పరిమాణం చూసి పెదవి విరవవచ్చు. ఇద్దరినీ కాస్త నిరాశపరిచినా, ఇద్దరి కోతల్నీ కాండం మీద చూపించగలిగే చెట్టు ఇంకొకటి నాకు తోచడం లేదు.