విండో మాయమయ్యాక

లినక్స్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ విండో తెరుచుకున్నట్టే తెరుచుకుని మాయమైతే, ప్యాకేజీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని సలహా ఇచ్చేవాళ్లే ఎక్కువ. ఆ సలహా నాకు ఏనాడూ నచ్చలేదు. పనిచేయదనే కాదు, ఎప్పుడైనా పనిచేసినా ఏం జరిగిందో తెలియకుండానే మిగిలిపోతుంది.

గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌నే తీసుకోండి. మీరు చివరగా చూసిన పేజీని అది గుర్తుపెట్టుకుంటుంది. ప్రింటర్ల పేజీ దగ్గర కూలిందనుకోండి, మళ్లీ తెరిస్తే నేరుగా అక్కడికే వెళ్లి మళ్లీ కూలుతుంది. ఆ గుర్తు ఉండేది హోమ్ డైరెక్టరీలో, గ్నోమ్ సెట్టింగులు దాచుకునే డీకాన్ఫ్ డేటాబేసులో. ప్యాకేజీని ఎన్నిసార్లు మార్చినా అది అలాగే ఉంటుంది. జీసెట్టింగ్స్ కమాండుతో 'లాస్ట్-ప్యానెల్' విలువను రీసెట్ చేస్తే విండో నిలబడుతుంది. ప్రింటర్ల పేజీ సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు నేను కొత్త యూజర్ ఖాతా తెరిచి అందులో నడిపి చూస్తాను. అక్కడ బాగా నడిస్తే, కూల్చిందేదో నా పాత సెట్టింగుల్లోనే ఉందన్నమాట.

కూలడానికి కారణం వెతికే ఈ విద్యకు మంచి పాఠశాల అంటే నాకు గుర్తొచ్చేది జర్మనీకి చెందిన సూసే వాళ్ల యాస్ట్. డిస్కులు, నెట్‌వర్క్, యూజర్లు, ఫైర్‌వాల్ అన్నీ ఒకేచోట సరిచేసే సాధనం. దానికి రెండు ముఖాలు: క్యూటీతో గీసిన విండో ఒకటి, టెర్మినల్లో అక్షరాలతో నడిచే ఎన్‌కర్సెస్ తెర ఇంకొకటి. లోపల మాడ్యూళ్లు మాత్రం ఒకటే. విండో కూలినప్పుడు టెర్మినల్లో అదే మాడ్యూల్ తెరవండి. అక్కడ నడిస్తే తప్పు క్యూటీ వైపో గ్రాఫిక్స్ వైపో ఉంది. అక్కడా ఆగిపోతే మాడ్యూల్ కోడునో, అది చదివే ఫైలునో పట్టుకోవాలి. వెతకాల్సిన చోటు ఒక్క పరీక్షతో సగమవుతుంది.

తర్వాత లాగ్. రూట్‌గా నడిపితే యాస్ట్ తన ప్రతి అడుగునూ వై2లాగ్ అనే ఫైలులో రాస్తుంది. ప్రతి వరుసలో తేదీ, సమయం, తీవ్రతను చెప్పే అంకె, కోడు ఏ ఫైలులో ఏ వరుస దగ్గర ఉందో అన్నీ ఉంటాయి. 1 అంటే మామూలు సమాచారం, 2 హెచ్చరిక, 3 తప్పు. అందరూ చివరి వరుస చూసి ఆగిపోతారు. అది చాలాసార్లు పర్యవసానమే, కారణం కాదు. కింది నుంచి పైకి చదువుతూ వెళ్లి, ఆ నడకలో అన్నిటికంటే ముందుగా 3 ఎక్కడ పడిందో అక్కడ ఆగాలి. 2013లో వచ్చిన ఓపెన్‌సూసే 13.1 నుంచి యాస్ట్ రూబీ భాషలోకి మారింది కాబట్టి, విలువ ఉండాల్సిన చోట నిల్ (అంటే ఏమీ లేదని) దొరికిందన్న ఫిర్యాదు తరచూ కనిపిస్తుంది. సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలోని ఏదో ఫైలును ఎవరో చేత్తో దిద్ది ఉంటారు, సాధనం ఎదురుచూసిన వరుస అక్కడ ఉండదు. ఆ ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టి, ఒక్కో మార్పే చేసి చూడాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

రూబీ తప్పు కాక, ప్రోగ్రామ్ తాకకూడని మెమరీని తాకి కూలే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే దారి వేరు. సిస్టమ్‌డీ ఉన్న చాలా మెషీన్లలో కోర్‌డంప్‌సీటీఎల్ అనే కమాండు, కూలిన క్షణంలో ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్లో ఉందో చూపిస్తుంది. డీబగ్ సింబల్స్ లేకపోతే అక్కడ పేర్లకు బదులు ప్రశ్నార్థకాలే వస్తాయి, ముందు వాటిని తెచ్చుకోవాలి.

2025లో వచ్చిన ఓపెన్‌సూసే లీప్ 16లో యాస్ట్ లేదు. దాని పని చాలావరకు బ్రౌజర్లో నడిచే కాక్‌పిట్‌కు వెళ్లింది. యాస్ట్‌ను ఇష్టపడినవాడిగా నాకది వెలితిగానే ఉంది. అయినా చదివే అలవాటు మారనక్కర్లేదు. వై2లాగ్ బదులు సిస్టమ్‌డీ లాగులు చూపే జర్నల్‌సీటీఎల్ తెరుస్తాం, అంతే.

డెస్క్‌టాప్‌ను తెలుగులో పెట్టుకున్నవాళ్లు మరొకటి చేసి చూడాలి. భాషను నిర్ణయించే ఎల్‌సీ_ఆల్ విలువను సీ (అనువాదం లేని మూల లొకేల్) అని పెట్టి అదే సాధనాన్ని నడపండి. ఇంగ్లిష్‌లో నిలబడి తెలుగులో కూలితే అనువాదం ఫైలును అనుమానించవచ్చు. సీ భాషలో రాసిన ప్రోగ్రాముల సందేశాల్లో ఫైలు పేరు వచ్చే చోట పర్సెంట్ ఎస్, అంకె వచ్చే చోట పర్సెంట్ డీ ఉంటాయి. తెలుగు వాక్యంలో వరుస మారడం సహజం. అనువాదకుడు ఆ గుర్తులను ఊరికే అటూ ఇటూ మార్చాడంటే, ప్రోగ్రామ్ అంకెను మెమరీ చిరునామాగా భావించి చదవబోయి కూలిపోవచ్చు. గుర్తులకు 1, 2 అని నంబర్లిచ్చి వరుస మార్చుకునే వీలు అనువాదాలను నడిపే గెట్‌టెక్స్ట్‌లో ఉంది. అందులో అనువాదం ఫైళ్లను కంపైల్ చేసే ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీని చెక్ ఆప్షన్‌తో నడిపితే, అది ఇలాంటి తప్పును ముందే పట్టిస్తుంది కూడా.

ఇక్కడే నాకు బాధ కలుగుతుంది. తెలుగులో కూలిందని తెలియగానే మనవాళ్లు ఇంగ్లిష్‌కు మారిపోయి ఊరుకుంటారు. దిద్దగలిగినవాళ్లకు ఆ తప్పు ఉందనే తెలియదు. దయచేసి మారేముందు బగ్ రాయండి: ఏ వెర్షన్, ఏ భాష, ఏ బటన్ నొక్కితే కూలింది, సీ లొకేల్‌లో ఏమైంది. లాగ్ జతచేసేటప్పుడు అందులో మీ యూజర్ పేరు, నెట్‌వర్క్ వివరాలు ఉంటే తీసేయండి. తప్పు ఆ సందేశంలోనే ఉంటే చాలాసార్లు ఒక్క వరుస దిద్దితే సరిపోతుంది.