దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా ఐదు కుచ్చులు

పోయిన సోమవారం ఉదయం మెట్రోలో నా పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి బ్యాగు తెరిచి, పాత దిండు గలీబులో చుట్టిన పట్టుచీర బయటికి తీసింది. కొంగు అంచు వరకే ఒళ్ళోకి లాక్కుని, మిగతా చీరంతా గలీబులోనే ఉంచి, కుచ్చులు వేయడానికి క్రోషా సూది పట్టుకుంది. నాకెంత సంతోషం వేసిందో! ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళ బోగీలో సూది తీసేది నేనొక్కదాన్నే. ఆ సమయానికి నా చేతిలో కూడా తెల్లనూలు పువ్వొకటి సగంలో ఉంది. తన చేతుల్ని నేను, నా చేతుల్ని తను కాసేపు చూసుకున్నాం. మలక్‌పేట దాటాక గానీ మాట కలవలేదు.

ప్రయాణంలో ఫోన్ చూస్తూ కూర్చునేవాళ్ళతో ఈ కాలమ్‌లో నాకు పాత పేచీ ఉంది: ఆ సమయంలో ఏదైనా చేతిపని చేసుకోవచ్చు కదా అని. "ఉద్యోగం, ఇల్లు, ఈ రాతలు, పైగా అల్లికలు కూడానా? మీకు టైమెక్కడిదండీ?" అంటూ నెలకో ఉత్తరమైనా వస్తుంటుంది. ఇన్నాళ్ళూ నేనిచ్చిన జవాబు ఒకటే. టైము ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, ఏరుకునే ఓపిక ఉండాలి. నా లెక్క నిమిషాల్లో ఉండదు, స్టేషన్లలో ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలుపెట్టిన పువ్వు లక్డీకాపూల్ దగ్గర పూర్తవుతుంది. ఖైరతాబాద్ నుంచి అమీర్‌పేట వరకు రెండో పువ్వుకి నడిమి గుండ్రం పడుతుంది. ఇలా ఏడాదిలో ఒక దుప్పటి అల్లానని ఇదే పేజీలో గర్వంగా రాసుకున్నాను కూడా.

ప్రయాణానికి అన్ని చేతిపనులూ పనికిరావు. ఎంబ్రాయిడరీకి ఫ్రేము కావాలి, వెలుతురు కావాలి, కుదురు కావాలి. బ్రేకు పడిందంటే సూది వేల్లోకి దిగుతుంది. ఊలు స్వెట్టర్ అల్లేవాళ్ళకి ఒక్కో సూది మీద వంద కుట్లు తెరిచే ఉంటాయి. ఎవరి మోచెయ్యో తగిలి సూది జారిందా, వరసలకి వరసలే ఊడిపోతాయి. క్రోషాలో ఎప్పుడు చూసినా తెరిచి ఉండే ఉచ్చు ఒక్కటే. దిగాల్సిన స్టేషన్ రాగానే దాన్ని కాస్త పెద్దది చేసి లాగి, సంచిలో పడేసుకుని దిగిపోవచ్చు. సాయంత్రం మళ్ళీ ఆ ఉచ్చు దగ్గరే మొదలుపెట్టొచ్చు. నా సూది ఉండేది టూత్‌బ్రష్ డబ్బాలో. దారం ఉండ దొర్లిపోకుండా జిప్పు సంచిలో వేసి, జిప్పు చివర వదిలిన సందులోంచి కొస బయటికి తీస్తాను. దారం తెంపడానికి నెయిల్ కట్టర్ చాలు, కత్తెర మోయక్కర్లేదు. ఇవన్నీ నేను వెనక రాసినవే. ఈ వారం కూడా ఇలాంటి చిట్కాలే ఇంకో నాలుగు రాద్దామని, ఆ అమ్మాయి దగ్గర కొత్తగా ఏమైనా తెలుసుకుందామని కదిపాను.

"ఎవరిదమ్మా చీర? ఇంట్లో పెళ్ళా?"

"ఎవరిదో తెల్వదు ఆంటీ. బొటిక్‌ల ఇస్తరు. శుక్రవారం వరకు ఇచ్చెయ్యాలె."

ఎల్బీనగర్‌లో ఎక్కుతుందట. మొదటి స్టేషన్ కాబట్టి సీటుకి ఇబ్బంది లేదు. అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ వైపు వెళ్తుంది. "పొద్దంత కంప్యూటర్ ముందటనే. ఇంటికి వోతే వంట, పిల్లగాడు. గీ రైల్లనే టైం." వారానికి రెండు చీరలు అవుతాయట. చీరకి 350 రూపాయలు. దారం, పూసలు తనవే, వాటికి 80 దాకా పోతుంది. పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న ఆంటీ, గీ రైల్లనే" అంది. ఫోన్ల మీద నేను ఇంతకాలం రాసిందంతా ఆ ఒక్క మాటతో కదిలింది. దాని సంగతి ఇంకో వారం తేల్చుకుంటాను.

అప్పుడు ఆమె నా చేతిలోని పువ్వు చూసి మామూలుగా అడిగింది: "మీకెంతిస్తరు ఆంటీ, ఒక్క పువ్వుకి?"

నాకు జవాబు రాలేదు. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ ఒకరిని అడిగి ఉండాల్సింది, ఎప్పుడూ అడగలేదు. ఆ మనిషి మా అమ్మమ్మ.

మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. వేసవి సెలవుల్లో నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికెళ్ళేసరికి, ఆవిడ లోపలి గుమ్మం పక్కన వెలుగు పడే చోట కాళ్ళు చాపుకుని లేసు అల్లుతూ కనిపించేది. నన్ను చూసి నవ్వేది గానీ వరస పూర్తయ్యే దాకా లేచేది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి కూర్చునేది. ఎసరు మరిగేలోపు ఒక పువ్వు. అన్నం ఉడికేలోపు ఇంకొకటి. కుడిచేతి నడిమివేలి పక్కన సూది ఒరుసుకుని ఒక కాయ కాసింది. నేను దాన్ని నొక్కి చూస్తుంటే చక్కిలిగింత పెట్టినట్టు చెయ్యి లాక్కునేది.

తెల్లదారం కదా, మరక పడకూడదు. సబ్బుతో చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరే దాకా పైటచెంగుతో వేలు వేలూ తుడుచుకునేది. లేసు చేతిలో ఉన్న రోజుల్లో పసుపు ముట్టేది కాదు. పప్పులో పసుపు వేయడానికి మా పిన్నిని పిలిచేది. అల్లిన పువ్వుల్ని ఉతికిన పాత పంచె ముక్కలో మూటగట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేది. శనివారం ఏజెంటు సైకిల్ మీద వచ్చి ఆ మూట విప్పి, ఒక్కో పువ్వూ వెలుగుకెత్తి చూసి, మరక కనబడ్డది పక్కన పడేసి, దారం ఉండకింత అని లెక్కకట్టి, కొత్త దారం ఇచ్చి వెళ్ళేవాడు. పక్కన పడేసిన దానికి కూలి లేదు.

"ఈ పువ్వులన్నీ ఏమవుతాయి అమ్మమ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఏవోనే, దొరల బల్లల మీద గుడ్డలవుతాయంట."

ఆవిడ పువ్వులే అల్లేది. వాటిని ఒకదానికొకటి అతికే పని ఇంకో వీధిలో ఇంకొకామెది. అందుకని మొత్తం గుడ్డ ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ చూడలేదు. మా అమ్మమ్మ ఇంట్లో బల్ల లేదు.

ఆ ప్రాంతానికి ఈ విద్య 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలతో చేరిందని చెబుతారు. మక్రే దంపతుల పేరు అక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది. అదే శతాబ్దంలో బంగాళాదుంప పంట పోయి కరువు పడ్డ ఐర్లండ్‌లోనూ ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని ఇలాగే పువ్వు పువ్వుగా క్రోషా అల్లి బతికారు. అక్కడా ఒక కుటుంబానిది ఒక పువ్వు, అతికే చేతులు వేరు. ఈ పని ముక్కలు చేయడానికి అంత వీలుగా ఉంటుంది. పువ్వు పువ్వుగా అల్లొచ్చు కాబట్టే రైల్లో నాకు పనికొస్తోంది. పువ్వు పువ్వుగా అల్లొచ్చు కాబట్టే వ్యాపారి దాన్ని వంద ఇళ్ళకి పంచి, ఏ ఇంటికీ మొత్తం పని కనబడకుండా చేయగలిగాడు. ఇన్నేళ్ళుగా సూది పట్టుకుని తిరుగుతున్నాను, ఈ రెండూ ఒకటేనని సోమవారం దాకా నాకు తట్టలేదు.

అంతకుముందే తట్టాల్సింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ మా ప్రాంతానికి వచ్చి, లేసు అల్లేవాళ్ళ ఇళ్ళల్లో తిరిగి, వాళ్ళతో మాట్లాడి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం ప్రచురించారు. ఆమె చెప్పిన విషయం సూటిగా ఉంటుంది. ఆ ఆడవాళ్ళు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వాళ్ళు అల్లింది సముద్రాలు దాటి అమ్ముడవుతోంది. అయినా వ్యాపారులు, ఇంట్లో మగవాళ్ళు వాళ్ళని పనివాళ్ళ కింద లెక్కపెట్టలేదు. ఇంట్లో ఊరికే కూర్చున్న ఇల్లాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే వ్యాపకం అన్నారు. తీరికలో చేసేదానికి కూలి ఎంత తక్కువైనా పరవాలేదు కదా! ఆ పుస్తకం ఉద్యోగంలో చేరిన కొత్తలో చదివి, మా అమ్మమ్మని తలుచుకుని రాత్రంతా నిద్రపోలేదు. 2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఇదే పేజీలో పండగ చేసుకున్నాను. ఇంత తెలిసీ, ‘తీరిక వేళ’ అనే మాటని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వాడానో నిన్న రాత్రి పాత కత్తిరింపులు తీసి చూశాను. పందొమ్మిది సార్లు.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయిన సంక్రాంతికి ఒక పట్టుచీర కుచ్చులకి ఇచ్చాను. 800 చెబితే 700కి దిగే దాకా కదల్లేదు. "కూర్చుని చేసేదేగా!" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆ అమ్మాయి చేతులు చూశాక, నా చీర ఒకటి నేనే కుచ్చులు వేసి చూద్దామనుకున్నాను. సోమవారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మ్యాచింగ్ సెంటర్‌లో అంచు రంగు సిల్కు దారం, బంగారు పూసలు కొన్నాను. పూసల సంగతి ఆమే చెప్పింది: "ఇంట్లనే ఎక్కించుకొని రావాలె ఆంటీ, రైల్ల వెట్టుకుంటే అన్ని కింద వడ్తయ్." ఆ రాత్రి సన్నసూదితో పూసలన్నీ వరసగా దారానికెక్కించి, దారాన్ని తిరిగి ఉండ చుట్టేసరికి అరగంట పట్టింది.

మంగళవారం ఉదయం మొదలుపెట్టాను. చీర అంచులోకి సూది గుచ్చి దారం లాగడం, నూలుతో పువ్వు అల్లడం లాంటిది కాదు. పట్టు గట్టిగా ఉంటుంది. ఎక్కువ లాగితే అంచు ముడుచుకుపోతుంది, వదిలేస్తే వేలాడుతుంది. మూడు గొలుసులు వేసి, పూసని పైకి జరిపి, దాన్ని బిగించి, మళ్ళీ మూడు గొలుసులు వేసి అంచుని పట్టుకోవాలి. తర్వాత కుచ్చుకి సరిపడా దారప్పోగులు కత్తిరించి మడిచి, మెడ దగ్గర దారం చుట్టి ముడెయ్యాలి. కింద కొసలు అన్నీ ఒకే పొడవుకి రావాలి. సిల్కు దారం గోళ్ళకి పట్టుకుంటుంది. ఖైరతాబాద్ దగ్గర ఒక కుచ్చు పొడుగైపోతే విప్పి మళ్ళీ వేశాను. అమీర్‌పేటలో లేచేటప్పటికి ఐదయ్యాయి. మెడ పట్టేసింది. పువ్వు అల్లేటప్పుడు కిటికీలోంచి మూసీ చూస్తాను, పక్కవాళ్ళ మాటలు వింటాను. కుచ్చులప్పుడు ఒక్క స్టేషన్ పేరు కూడా నా చెవిన పడలేదు.

కొంగు అంచు పొడవునా అంగుళానికొకటి చొప్పున నలభై ఐదు కుచ్చులు. ఉదయం పూట ఐదు. సాయంత్రాలు అసెంబ్లీ, నాంపల్లి దాటితే గానీ సీటు దొరకదు, అందుకని మూడు. మంగళవారం ఉదయం మొదలుపెట్టినవి ఈ సోమవారం ఉదయానికి పూర్తయ్యాయి. పదకొండు ప్రయాణాలు. సూది చేతిలో ఉన్న సమయమే కూడితే నాలుగు గంటలు, పూసలకి పట్టిన అరగంట కలిపితే నాలుగున్నర. ఆ అమ్మాయి చెయ్యి నాకంటే చురుకు, ఆమెకి మూడు గంటలు పట్టొచ్చు. ఆమెకి మిగిలేది 270 రూపాయలు. అందులోంచి వంద తగ్గించమని అడిగేవాళ్ళు నాలాంటివాళ్ళు.

రైల్లో అల్లడం మానను. నా చేతులకి అది కావాలి. ఆ పువ్వులు నావి, వాటిని అతికేదీ నేనే, పరుచుకునే మంచమూ నాదే. ఆమె ఒళ్ళోని చీర ఆమెది కాదు, రైల్లో గడిచే అరగంటా ఆమెది కాదు. పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే సూది పట్టుకున్నంత మాత్రాన మేమిద్దరం ఒకే పని చేస్తున్నామని అనుకోవడం నా పొరపాటు. "టైమెక్కడిదండీ?" అని అడిగినవాళ్ళకి ఇన్నేళ్ళూ రాసిన జవాబు వెనక్కి తీసుకుంటున్నాను. టైము దొరకలేదు. రోజు మొత్తంలో నాకంటూ మిగిలిన అరగంట అది, దాన్ని నాకిష్టమైన దానికి వాడుకున్నాను. ఆ అరగంట కూడా అమ్ముకోవాల్సి వచ్చినవాళ్ళకి నా చిట్కాలు పనికిరావు.

శ్రావణం వస్తోంది. పెట్టెల్లోంచి పట్టుచీరలు బయటికొస్తాయి, కుచ్చులకి వెళ్తాయి. చీర ఇచ్చేటప్పుడు బేరం మొదలుపెట్టే ముందు ఒక్క మాట అడగండి: ఇందులో అల్లే అమ్మాయికి ఎంత వెళ్తుంది? చెప్పకపోతే మళ్ళీ అడగండి.